వెంట ఎవరు వచ్చారు?

హైదరాబాద్ నగర పోలీసు కమిషనర్ గారికి, జీహెచ్‌ఎంసీ కమిషనర్ గారికి, రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ, సంక్షేమ శాఖల ఉన్నతాధికారులకు,

నమస్కారం.

నగరంలో ఎప్పుడూ రద్దీగా ఉండే ఒక కూడలి దగ్గర ఇరవై రెండేళ్లుగా మందుల దుకాణం నడుపుతున్నాను. పొద్దున షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద ఎవరో ఒకరు పడుకుని ఉంటారు. కొందరు లేపగానే లేచి, దుప్పటి మడిచి చంకన పెట్టుకుని, నమస్కారం చేసి వెళతారు. కొందరు తిట్టి వెళతారు. ఒకరిద్దరు లేవలేరు. కిందటి ఏడాది మా వీధి వ్యాపారులమంతా కలిసి ఒక అర్జీ ఇచ్చాం. ఫుట్‌పాత్ నిండా తాగి పడిపోయేవాళ్లు, మత్తు కోసం పంక్చర్ సొల్యూషన్ పీల్చే పిల్లలు ఎక్కువయ్యారని, ఆడవాళ్లు కొనుగోళ్లకు రావడానికి జంకుతున్నారని, వెంటనే ఖాళీ చేయించాలని అందులో కోరాం. ఆ కాగితం మీద నా సంతకమూ ఉంది. అందువల్ల ఆ తరవాత జరిగినది మీకు చెప్పవలసిన బాధ్యత నా మీద ఉందనుకుంటున్నాను.

ముందుగా ఒక మాట. అర్జీలో రాసిన దాంట్లో అబద్ధమేమీ లేదు. మా దుకాణంలో పనిచేసే అమ్మాయి రాత్రి తొమ్మిదిన్నరకు బస్టాపు దాకా ఒంటరిగా నడవలేక, తమ్ముడు వచ్చేదాకా కౌంటర్ వెనకే కూర్చుంటుంది. పక్కనున్న టిఫిన్ సెంటర్‌లో గల్లాపెట్టె రెండుసార్లు పోయింది. ఆ దారిలో రాత్రిపూట నడవవలసిన అవసరం లేనివాళ్లు ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేస్తే నాకు కోపం వస్తుంది. ఇంటికి క్షేమంగా చేరాలనుకోవడం పేదవాళ్ల మీద ద్వేషం కాదు.

అర్జీ ఇచ్చిన పది రోజులకు ఒక సాయంత్రం వ్యాన్ వచ్చింది. ఇరవై మంది దాకా ఎక్కించుకుని వెళ్లారు. మరునాడు పొద్దున ఫుట్‌పాత్ కడిగారు. వీధి వీధంతా సంతోషించింది. మూడో రోజుకు ఒక్కొక్కరే తిరిగి రావడం మొదలుపెట్టారు.

వారిలో పాలమూరు వైపు నుంచి వలస వచ్చిన హమాలీ ఒకాయన ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. పేరు రాయను. పగలంతా మూటలు మోసి, చీకటి పడ్డాక కల్లు కాంపౌండ్‌కు వెళ్లి, అక్కడి నుంచి మా మెట్ల మీదకు చేరడం ఆయనకు ఏళ్ల తరబడి అలవాటు. ఒక రాత్రి ఠాణాలో ఉంచారట. మరునాడు పెట్టీ కేసు పెట్టి, జరిమానా కట్టించుకుని వదిలేశారట. చేతిలో ఉన్నదంతా జరిమానాకు పోయింది కాబట్టి కల్లుకు డబ్బు లేదు. మూడో రోజు పొద్దున వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. గ్లాసుతో నీళ్లిస్తే సగం చొక్కా మీద ఒలికిపోయాయి. పక్క గోడ మీద చీమలు పాకుతున్నాయని అరచేత్తో తుడుస్తూనే ఉన్నాడు. గోడ మీద ఏమీ లేదు. పది నిమిషాలు గడిచాయో లేదో, కళ్లు తేలేసి, ఒళ్లంతా బిగుసుకుపోయి పక్కకు ఒరిగిపోయాడు. నోటి వెంట నురగ. ఎదురుగా ఉన్న ఆటోవాళ్లు "మళ్లీ తాగి పడ్డాడు" అన్నారు. ఇన్నేళ్లు మందులు అమ్మినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది. ఆయన పడిపోయింది తాగినందుకు కాదు, తాగడం హఠాత్తుగా ఆగిపోయినందుకు.

108 వచ్చింది. వెంట నేనే ఎక్కాను. ఆస్పత్రి పేరు ఇక్కడ అవసరం లేదు, ఏ పెద్దాస్పత్రిలోనైనా అదే జరిగేది. కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న, "వెంట ఎవరు వచ్చారు?" రెండో ప్రశ్న, "ఆధార్ ఉందా?" ఫారంలో రోగితో సంబంధం అనే గడిలో నేను "దుకాణదారు" అని రాశాను. గుమస్తా దాన్ని కొట్టేసి "స్నేహితుడు" అని రాసి, పక్కన నా చేత సంతకం చేయించుకున్నాడు. నేను ఆయన్ను తప్పుపట్టను. మూర్ఛలు వస్తున్న మనిషి మంచం మీద నుంచి పడకుండా పట్టుకోవాలి, నీళ్లు తాగించాలి, రక్తం నమూనా పట్టుకుని ల్యాబ్‌కు పోవాలి, స్కానింగ్ గది దాకా చక్రాల కుర్చీ తోయాలి. మన ప్రభుత్వాస్పత్రుల్లో ఆ పనులు చేసేది వెంట వచ్చినవాళ్లే. అన్ని వందల మంది రోగుల మధ్య ఇద్దరు నర్సులు ఎంతమందిని చూస్తారు? వెంట ఎవరూ లేని రోగి అక్కడ ఒక సమస్య. ఇల్లు లేని మనిషికి వెంట ఎవరుంటారండీ?

అయ్యా, అమ్మా, ఈ ప్రశ్నకు చట్టం ఎప్పుడో జవాబు రాసిపెట్టింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యం కిందనే లెక్కించింది. అలాంటి మనిషి తనను తాను చూసుకోలేని స్థితిలో వీధుల్లో తిరుగుతుంటే, అతన్ని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా దగ్గరలోని ప్రభుత్వ వైద్య సంస్థకు చేర్చే బాధ్యతను నూరో సెక్షన్ ఠాణా అధికారి మీద పెట్టింది. లాకప్‌లోగానీ జైల్లోగానీ ఉంచకూడదని స్పష్టంగా చెప్పింది. నిరాశ్రయుడైతే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి కుటుంబాన్ని వెతకమంది. పద్దెనిమిదో సెక్షన్ నిరాశ్రయులకు చికిత్స పూర్తిగా ఉచితమంది, దారిద్ర్యరేఖ కార్డు ఉన్నా లేకపోయినా. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచినది పద్నాలుగో సెక్షన్. రోగి తరఫున నిలబడడానికి ఎవరూ దొరకనప్పుడు మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు సంక్షేమ శాఖ డైరెక్టర్‌నుగానీ, ఆ డైరెక్టర్ నియమించిన ప్రతినిధినిగానీ ఆ స్థానంలో నియమించాలట. ఆ నియామకం జరిగేలోపు నమోదైన స్వచ్ఛంద సంస్థకు చెందినవారు తాత్కాలికంగా ఆ బాధ్యత తీసుకోవచ్చట. అంటే ఆ గడిలో రాయవలసిన పేరు నాది కాదు. ఆ చట్టం వచ్చాక ఇన్నేళ్లలో అలాంటి ప్రతినిధి ఒక్కరు కూడా ఒక్క రోగి వెంట వచ్చినట్టు నేను చూడలేదు.

కల్లు గురించి కొంచెం వివరంగా రాయాలి. ఈ మత్తు సంగతి హైదరాబాద్‌కు, చుట్టుపక్కల జిల్లాలకు తెలిసినంతగా మరెక్కడా తెలియదు. తాటిచెట్టు నుంచి దిగిన కల్లు ఇంత పెద్ద నగరానికి సరిపోదు. సరిపోనిది నీళ్లు, చక్కెర, మత్తుమందులతో తయారవుతుంది. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, డయాజిపాం కలిపేవారు, ఇప్పుడు ఎక్కువగా ఆందోళన తగ్గడానికి డాక్టర్లు రాసే ఆల్ప్రాజోలం. ఈ ఆల్ప్రాజోలం మాత్రలు మా దుకాణంలో ఒక్క స్ట్రిప్ అమ్మాలన్నా డాక్టరు చీటీ చూడాలి, రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాయాలి, ఆ రిజిస్టరు మూడేళ్లు దాచాలి. అది షెడ్యూల్ హెచ్1 మందు. అదే మందు పొడి రూపంలో, మోతాదు లెక్క లేకుండా, వేలమంది ఒంట్లోకి రోజూ సీసాల్లో పోతోంది. తాగుతున్నవాళ్లకు తాము ఏ మందుకు బానిసలయ్యారో కూడా తెలియదు. అడిగితే కల్లే కదా అంటారు.

ఈ మందును ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో 2015లో రాష్ట్రమంతా చూసింది. కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా పడిపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో జనం పిచ్చెత్తినట్టు ప్రవర్తిస్తూ, మూర్ఛలతో ఆస్పత్రులకు బారులు కట్టారు. మంచాలు చాలలేదు. పట్టుకున్నది మంచిదే. పట్టుకునే రోజుకు మంచం సిద్ధంగా లేకపోవడమే తప్పు. పదేళ్లు గడిచాయి. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. అప్పుడూ కాంపౌండ్లు మూయించారు, అరెస్టులు చేశారు. ఆ కాంపౌండ్లకు రోజూ వెళ్లే మిగతావాళ్లకు మరునాటి నుంచి ఒళ్లు ఎలా ఉంటుందో, వాళ్లు ఎక్కడికి పోతారో ఎవరైనా ఆలోచించారా? సరఫరా తెంచే రోజున ఎక్సైజ్ అధికారుల బండి వెనకే ఒక డాక్టరు బండి కూడా ఆ బస్తీకి వెళ్లాలి. ఇది నా మొదటి విన్నపం.

పిల్లల సంగతి వేరు, కల్లు కన్నా అది నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. మా కూడలి దగ్గరి ఫ్లైఓవర్ కింద నలుగురైదుగురు ఉంటారు, పన్నెండు నుంచి పదహారేళ్ల లోపు. పంక్చర్లు వేసే సొల్యూషన్ ట్యూబు గుడ్డ మీద పిండి, ఆ గుడ్డను గుప్పిట్లో దాచి, చొక్కా చెయ్యి ముక్కుకు అడ్డం పెట్టుకున్నట్టుగా పీలుస్తారు. దూరం నుంచి చూస్తే జలుబు చేసి ముక్కు తుడుచుకుంటున్న పిల్లాడిలా ఉంటాడు. దగ్గరికి వెళితే పెదవుల చుట్టూ ఎండి పగిలిన చర్మం, రంగుల డబ్బా తెరిచినప్పటి వాసన. ఎందుకురా అని ఒకణ్ణి అడిగాను. "ఆకలి తెలియదన్నా, చలి తెలియదు" అన్నాడు. మందులు అమ్మేవాణ్ణి, ఆకలికీ చలికీ కలిపి పనిచేసే మందు మరొకటి నా అరల్లో లేదు.

ఈ సొల్యూషన్‌లో ఉండేది టోలుయీన్ లాంటి ద్రావకం. అది మాదకద్రవ్యాల చట్టం కిందికి రాదు. కాబట్టి పోలీసులకు కేసు ఉండదు, లాఠీ ఒక్కటే మిగులుతుంది. మీ కానిస్టేబుళ్లకు దయచేసి ఒక విషయం చెప్పించండి. ద్రావకం పీల్చిన వెంటనే హఠాత్తుగా భయపడినా, పరుగెత్తినా గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. వైద్యులకు తెలిసిన విషయమే ఇది. మన వీధుల్లో మాత్రం పీలుస్తున్న పిల్లాణ్ణి చూడగానే చేసే మొదటి పని కర్ర ఎత్తి తరమడం. నేను కూడా చేశాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఇక పిల్లలకు మత్తుపదార్థం ఇచ్చేవారికి ఏడేళ్ల దాకా కఠిన శిక్ష ఉందని 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ చెబుతోంది. ద్రావకం దాని కిందికి వస్తుందా లేదా అన్నది న్యాయవాదులు తేల్చాలి. కానీ సైకిల్ కూడా లేని పిల్లాడికి రోజుకు నాలుగు ట్యూబులు అమ్మే దుకాణదారును పిలిచి గట్టిగా మాట్లాడడానికి ఏ చట్టమూ అడ్డం రాదు కదా.

అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వేలో, పెద్దల కన్నా పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఇలా పీల్చేది ఒక్కటే. పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం. మద్యానికి పూర్తిగా బానిసలైనవారిలో 38 మందికి ఒకరికే ఏదో ఒక చికిత్స అందుతోందని అదే సర్వే చెప్పింది. ఇది ప్రధానంగా ఇళ్లున్నవాళ్లను అడిగి తేల్చిన లెక్క.

మా వ్యాపారుల సంఘంలో ఈ విషయం మీద పెద్ద వాదనే జరిగింది. ఒక వర్గం వాళ్లు, వీళ్లందరినీ ఊరి బయట ఎక్కడైనా పెట్టి తాళం వేయాలన్నారు. 2017 నవంబరులో మన నగరం ఆ పని చేసి చూసింది. అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు ముందు, రెండు నెలలపాటు అమల్లో ఉండేలా భిక్షాటనను నిషేధించి, పట్టుకున్నవారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. అతిథులు వెళ్లారు, గడువు ముగిసింది, కూడళ్లు మళ్లీ మునుపటిలాగే అయ్యాయి. తాళం వేయాలంటున్నవారిని నేను ఒక్కటే అడుగుతున్నాను, ఎన్నాళ్లు వేస్తారు? ఆరు నెలలా? ఏడాదా? బయటికి వచ్చిన రోజు ఆ మనిషి రాత్రి ఎక్కడ పడుకోవాలి?

రెండో వర్గం వాళ్లు, అసలు పోలీసులు వీళ్ల జోలికే పోకూడదన్నారు. నాకు అదీ నచ్చలేదు. మా మేనల్లుడు అమెరికాలో ఆరెగన్ రాష్ట్రంలో ఉంటాడు. అక్కడ 2020 నవంబరులో ప్రజలే ఓటు వేసి, కొద్దిపాటి మత్తుపదార్థం దగ్గరుంచుకోవడం నేరం కాదన్నారు. వంద డాలర్ల జరిమానా, సహాయ కేంద్రానికి ఒక ఫోను చేస్తే అదీ మాఫీ. ఫోను చేసినవాళ్లు చాలా తక్కువ. చికిత్సకు కేటాయించిన నిధులు చేరడంలో ఎంతో ఆలస్యమైంది. పోర్ట్‌లాండ్ వీధుల పరిస్థితికి విసిగిపోయిన జనం ఒత్తిడితో 2024 సెప్టెంబరు నుంచి మళ్లీ దాన్ని నేరం చేశారు. పోర్చుగల్ 2001లో ఇదే మార్గం పట్టింది కానీ అక్కడ పట్టుబడినవాణ్ణి పోలీసులు వదిలేయరు. ముగ్గురు సభ్యుల సంఘం ముందుకు పంపుతారు. శిక్ష వేయడం కాదు, ఆ మనిషిని చికిత్సకు ఒప్పించి దారి చూపడం ఆ సంఘం పని. దాని వెనక వైద్యం సిద్ధంగా ఉంటుంది. పోలీసు చెయ్యీ డాక్టరు చెయ్యీ కలిసిన చోట పని జరిగింది. ఒకటి లేకుండా రెండోది మిగిలినచోట అవస్థే మిగిలింది.

మనకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64-ఎ సెక్షన్ ఉంది. వాడినందుకో, కొద్ది పరిమాణం దగ్గరున్నందుకో కేసు పడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు ముందుకు వచ్చి పూర్తి చేసుకుంటే అతని మీద విచారణ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఎంత మంచి ఏర్పాటు! గంజాయితో పట్టుబడి ఠాణా మెట్లెక్కిన కుర్రాళ్లలో ఎంతమందికి ఈ మాట చెప్పారు? తెలుగులో, ఉర్దూలో, హిందీలో ఒక పేజీ కాగితం అచ్చువేసి ప్రతి ఠాణాలో పెట్టండి. చదవలేనివారికి చదివి వినిపించమని రాతపూర్వకంగా ఆదేశించండి. మత్తుపదార్థాలను అరికట్టడానికి రాష్ట్రం పెట్టిన ప్రత్యేక విభాగం ఈగల్ బృందాలు సరఫరాదారుల మీద చేస్తున్న పోరాటానికి నాలాంటివాళ్లం చేతులెత్తి నమస్కరిస్తాం. అమ్మేవాణ్ణి వదలకండి. మెట్ల మీద వణుకుతున్నవాణ్ణి మాత్రం అదే జాబితాలో రాయకండి.

జీహెచ్‌ఎంసీ వారికి షెల్టర్ల గురించి. లక్ష జనాభాకు కనీసం వంద మంది ఉండగలిగే ఆశ్రయం ఒకటి ఉండాలన్నది జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో పెట్టుకున్న నియమం. 2011 జనగణన నాటికే మన నగర జనాభా 67 లక్షలు దాటింది. ఆ లెక్కన ఎన్ని ఉండాలో, ఉన్నవి ఎన్నో, ప్రతి రాత్రి ఎన్ని మంచాలు ఖాళీగా ఉంటున్నాయో మీరు వార్డులవారీగా ప్రకటించాలి. ఉన్న షెల్టర్ల తలుపు మీద ఒక నిబంధన వేలాడుతుంటుంది, మద్యం తాగి వచ్చినవారికి ప్రవేశం లేదని. లోపల పడుకున్నవాళ్ల ప్రశాంతత కోసం పెట్టారని నాకు తెలుసు. అది న్యాయమే. అయితే తాగినవాడికి విడిగా ఒక గది, ఒక కాపలాదారు, ఒక నర్సు ఉండే చోటు నగరంలో నాలుగైనా ఉండాలి కదా. లేకపోతే నిరాశ్రయుల్లో అందరికన్నా ప్రమాదంలో ఉన్నవాడికే ఆశ్రయం మూసుకుపోతుంది.

మా హమాలీ విషయంలో అదే జరిగింది. ఆరు రోజులు వార్డులో ఉన్నాడు. ఆరో రోజు నేను వెళ్లేసరికి గడ్డం గీయించుకుని, మంచం అంచున కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నాడు. చేతులు వణకడం లేదు. టీ గ్లాసు ఒక్క చుక్క ఒలకకుండా పట్టుకుని, "చూడు సేటూ" అన్నాడు. ఆ ఆరు రోజుల్లో ఆయన నాకు కొత్త మనిషిలా కనిపించాడు. కూతురి పెళ్లి గురించి, అమ్ముకున్న ఎకరంన్నర గురించి చెప్పాడు. సాయంత్రం డిశ్చార్జి చీటీ ఇచ్చారు. షెల్టరుకు తీసుకెళితే, ఆస్పత్రి నుంచి వచ్చినవాణ్ణి, మూర్ఛలు వచ్చేవాణ్ణి తాము చూసుకోలేమన్నారు. వాళ్లు చెప్పిందీ నిజమే, అక్కడ ఉన్నది ఒక వాచ్‌మన్. ఇక మిగిలింది మా మెట్లే. కల్లు కాంపౌండ్ అక్కడికి మూడు వందల అడుగుల దూరం. పదకొండు రోజులు వెళ్లలేదు. నేను లెక్కపెట్టాను. పన్నెండో రోజు వెళ్లాడు.

ఆ పదకొండు రోజులూ ఆయన కష్టపడి సంపాదించుకున్నవి. ప్రభుత్వం మూడు నెలలు నీడ ఇచ్చి ఉంటే వాటి పక్కన ఇంకెన్ని రోజులు చేరేవో. చికిత్స అంటే వార్డులో ఆరు రోజులే అనుకుంటున్నంతకాలం మీరు పెడుతున్న ఖర్చు పన్నెండో రోజున కాంపౌండ్‌లో పోస్తున్నట్టే. ఆస్పత్రికీ ఫుట్‌పాత్‌కూ మధ్య ఒక ఇల్లు కావాలి. పాత ప్రభుత్వ భవనాలు ఎన్నో ఖాళీగా ఉన్నాయి. ఒక్కదానితో మొదలుపెట్టండి. మా వీధి వ్యాపారులం మందుల ఖర్చులో, భోజనంలో భాగం పంచుకుంటాం. పోయిన నెల సమావేశంలో అర్జీ మీద సంతకాలు చేసినవారిలో పద్నాలుగు మంది ఇందుకు ఒప్పుకున్నారు. ఆ కాగితం కూడా ఈ లేఖతో జతచేస్తున్నాను.

ఆయన డిశ్చార్జి చీటీని పాలిథిన్ కవరులో పెట్టి దుప్పటి మడతలో దాచుకున్నాడు. తాగి ఉన్న రోజున కూడా అది జాగ్రత్తగానే ఉంటుంది. అప్పుడప్పుడు తెచ్చి, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో చదివి చెప్పమంటాడు. వచ్చే నెల రెండో మంగళవారం. ఆ రోజు పొద్దున దుకాణం మూసి నేను వెంట వెళతాను. కౌంటర్ దగ్గర మళ్లీ అదే ఫారం ఇస్తారు. సంబంధం అనే గడిలో రాయడానికి ఆ రోజుకు మీ శాఖ నుంచి ఒక మనిషిని పంపండి. పొద్దున ఎనిమిదికల్లా మా మెట్ల మీద సిద్ధంగా ఉంటాం.

ఇట్లు,
మీ అర్జీదారుల్లో ఒకణ్ణి,
ఒక మందుల దుకాణం యజమాని,
హైదరాబాద్